జోయీకి రెండు ముగింపులు

ఒకే నాటకం, ఒకే హీరోయిన్. న్యూయార్క్‌లో చచ్చిపోయింది, లండన్‌లో బతికింది. డబ్లిన్‌లో పుట్టిన డయాన్ బూసికో రాసిన ‘ది ఆక్టోరూన్’ గురించి ఎవరు మాట్లాడినా ముందు ఈ సంగతే చెబుతారు. అమెరికా భయపడింది, ఇంగ్లండ్ ధైర్యం చేసింది అని దీన్నుంచి సులువుగా ఒక నీతి తీసేయొచ్చు. రెండు ముగింపుల్నీ పక్కపక్కన పెట్టుకుంటే నాకలా అనిపించలేదు.

ఎనిమిదో వంతు నల్లరక్తం ఉన్నవాళ్ళని అప్పట్లో ఆక్టోరూన్ అనేవాళ్ళు. లూసియానాలోని ఒక ఎస్టేటు జడ్జికి బానిస స్త్రీ వల్ల పుట్టిన కూతురు జోయీ. తండ్రి స్వేచ్ఛ రాసిచ్చినా, ఆస్తి అప్పటికే అప్పుల్లో ఉండటంతో ఆ కాగితం చెల్లదు. జడ్జి సోదరుడి కొడుకు జార్జ్ ఆమెని ప్రేమిస్తాడు, చట్టం ఆ పెళ్ళికి ఒప్పుకోదు. వేలంలో విలన్ మెక్‌క్లోస్కీ జోయీని 25,000 డాలర్లకు పాడుకుంటాడు. అతను చేసిన హత్య ఒక ఫొటో ప్లేటు మీద పడి బయటికొస్తుంది. ఎస్టేటు దక్కిందన్న కబురు వచ్చేసరికి జోయీ విషం తాగేసి ఉంటుంది.

ఇది వింటర్ గార్డెన్ థియేటర్లో మొదలైంది 1859 డిసెంబర్ 6న. బానిసల తిరుగుబాటు లేపబోయిన జాన్ బ్రౌన్‌ని ఉరితీసి అప్పటికి నాలుగు రోజులే. అంత వేడిలోనూ నాటకం ఎవరికీ మరీ ఎదురెళ్ళలేదు. బానిసత్వం వద్దన్నవాళ్ళు జోయీ కోసం ఏడవొచ్చు. కావాలన్నవాళ్ళు చట్టం చెక్కుచెదరలేదని ఊపిరి పీల్చుకోవచ్చు. ఆ విషం సీసా ఇద్దరికీ పనికొచ్చింది.

1861 నవంబర్‌లో లండన్ అడెల్ఫీ ప్రేక్షకులు మాత్రం ఆ చావుని ఒప్పుకోలేదు. డిసెంబర్‌కల్లా బూసికో ముగింపు మార్చి జోయీని, జార్జ్‌ని కలిపాడు. దీంట్లో ధైర్యమేముంది? బ్రిటన్ తన వలసల్లో బానిసత్వాన్ని 1830లలోనే రద్దు చేసింది. ఆ పెళ్ళి వల్ల లండన్ వాళ్ళకి పోయేదేమీ లేదు. అమెరికా బానిసలు పండించిన పత్తితో నడిచిన లాంకషైర్ మిల్లుల ఊసు ఆ స్టేజీ మీదకి రానే లేదు.

నన్ను నిలబెట్టేసింది వేలం సీను. జోయీ కంటే ముందు అదే బల్ల ఎక్కినవాళ్ళు ఉన్నారు: సోలోన్, అతని భార్య గ్రేస్, వాళ్ళ పిల్లలు. అమ్ముడుపోయేటప్పుడు యజమానురాలి మనసు కష్టపడకూడదు, నవ్వుమొహాలు పెట్టుకోండి అని ముసలి పీట్ వాళ్ళకి నచ్చజెబుతాడు. తెల్లగా కనబడే అమ్మాయి బతకాలా, చావాలా అని రెండు మహానగరాలు పట్టించుకున్నాయి. గ్రేస్ ఏమైందని అడెల్ఫీలో గోల జరగలేదు.

ఆ లెక్క తేల్చడానికి పూనుకున్నవాడు నల్లజాతి నాటకకర్త బ్రాండెన్ జేకబ్స్-జెన్కిన్స్. 2014లో న్యూయార్క్ సోహో రెప్‌లో ఆడిన ‘యాన్ ఆక్టోరూన్’ 2018లో లండన్ నేషనల్ థియేటర్ దాకా వెళ్ళింది. నటులు మొహాలకి తెలుపు, నలుపు, ఎరుపు రంగులు పూసుకుని తమది కాని జాతి వేషాలు వేస్తారు. ఇవాళ ఫొటో ప్లేటు చూసి ఎవరూ ఉలిక్కిపడరు కాబట్టి, అతను లించింగ్ ఫొటోని తెర మీద చూపిస్తాడు. చివర్లో, బూసికో పక్కన పెట్టేసిన బానిస స్త్రీలు మిన్నీ, డైడో కూర్చుని తమ బతుకు గురించి ఇవాళ్టి యాసలో మాట్లాడుకుంటారు.

నాకు మూడో ముగింపే నచ్చింది. జోయీ చావు కన్నీళ్ళు తెప్పించి, పెళ్ళి చప్పట్లు కొట్టించి ప్రేక్షకుణ్ణి తేలిక మనసుతో ఇంటికి పంపేశాయి. మిన్నీ, డైడోల కబుర్లకి మాత్రం ముందు నవ్వొస్తుంది. వీళ్ళ గొంతు ఇన్నేళ్ళూ ఎందుకు వినపడలేదన్న ప్రశ్న ఆ తర్వాత మొదలవుతుంది.