రాణికి లెక్కలెవరు నేర్పారు?

శృంగవరపుకోటలో మా ఇంటి అరుగు మీద కూర్చుని, డెమి రాసి బొమ్మలు వేసిన ‘వన్ గ్రెయిన్ ఆఫ్ రైస్’ (1997) మనవరాలికి తెలుగులో చెబుతున్నాను. పల్లెపిల్ల రాణి, మొదటి రోజు ఒక్క బియ్యపు గింజ, మర్నాటి నుంచి రోజూ దానికి రెట్టింపు ఇమ్మని రాజుని అడుగుతుంది. ముప్పయ్యో రోజున 256 ఏనుగులు 53,68,70,912 గింజలు మోసుకొస్తాయి. అంతా విని మనవరాలు అడిగింది:

“రాణికి లెక్కలెవరు నేర్పేరు అమ్మమ్మా?”

పుస్తకంలో జవాబు లేదు.

చదరంగం గళ్ళతో చెప్పే పాత కథలో ఈ కోరిక కోరేది పండితుడు. డేవిడ్ బర్చ్ ‘ది కింగ్స్ చెస్‌బోర్డ్’ (1988)లోనూ ఒక జ్ఞానే. రాజు గర్వం అణచడంతో అతని పని అయిపోతుంది. డేవిడ్ బారీ ‘ది రాజాస్ రైస్’ (1994)లో మాత్రం ఏనుగులకు స్నానం చేయించే అమ్మాయి చంద్ర అడుగుతుంది. రాణి, చంద్ర ఇద్దరూ అడిగింది ఆకలిగొన్న జనం కోసమే. కానీ రాణి గింజలు పంచి, ఇకమీదట అవసరమైనంతే తీసుకుంటానని రాజుచేత మాట తీసుకుంటుంది. చంద్ర సాగుచేసే వాళ్ళకి భూమే ఇమ్మంటుంది. రాజు మంచితనం మీద ఆధారపడని ఆ కోరికే నాకు నచ్చింది.

అయినా మనవరాలి ప్రశ్న అలాగే ఉంది. 64 గళ్ళ మొత్తం 20 అంకెల సంఖ్య. పావులూరి మల్లన దాన్ని తెలుగు పద్యంలో పెట్టాడు. చంద్రుడంటే 1, వేదాలంటే 4. అది గణితంగా నిలిచింది.

మా నాయనమ్మ కళ్ళంలో “లాభం, రెండు, మూడు” అంటూ ధాన్యం కొలిచేది. రెండు గిద్దలు అరసోల, రెండు అరసోలలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. కుంచానికి 64 గిద్దలు, చదరంగానికున్నన్ని గళ్ళు! రెట్టింపు లెక్క రోజూ ఆమె చేతిలోనే ఉండేది. దాన్ని ఎవరూ గణితమనలేదు. ఒక ఏడు కౌలు ధాన్యం రెండు కుంచాలు తక్కువొచ్చిందని చెబితే, పద్దులో సరిగ్గానే ఉంది, ఆడదానికేం తెలుసని కొట్టిపారేశారు. పద్దు రాసేది తాతయ్య.

రాణి తెలివి ఆకాశంలోంచి ఊడిపడలేదు. వాళ్ళమ్మో నాయనమ్మో కొలుస్తుంటే పక్కన కూర్చుని నేర్చుకుని ఉంటుంది. ఆ బొమ్మ ఈ పుస్తకాల్లో లేదు.

మా ఇంట్లో ఇప్పుడు మిగిలినవి గిద్ద, సోల, తవ్వ. వాటిని బియ్యం డబ్బాతో సహా తెచ్చి పిల్ల ముందు పెట్టాను.