పేరు ఒక్క పుస్తకంలోనే

గర్భస్రావం చేయించుకున్న స్త్రీ పేరు దవాఖానలో ఒక్క పుస్తకంలోనే ఉండాలి. కేస్ షీట్‌లో రాయకూడదు. ఆపరేషన్ థియేటర్ రిజిస్టర్‌లో రాయకూడదు. మళ్లీ చూపించుకోవడానికి రమ్మని ఇచ్చే కార్డు మీద కూడా రాయకూడదు. ఆ కాగితాలన్నిటిలో ఆమె వరుస సంఖ్యే కనిపించాలి. ఆ సంఖ్య ఎవరిదో తెలిపే పుస్తకం దవాఖాన అధిపతి భద్రతలో ఉంటుంది. గర్భస్రావాలకు సంబంధించిన ఎంటీపీ చట్టం 1972 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. దాని కింద కేంద్రం 1975లో నిబంధనలు రాసింది, వాటి స్థానంలో 2003లో కొత్తవి తెచ్చింది. ఈ పద్ధతి ఆ నిబంధనలది. రాష్ట్రాలు తమ నిబంధనలు తామే రాసుకునే వీలు చట్టంలో ఉంది; నేనిక్కడ చదువుతున్నది కేంద్రం రాసిన పాఠం. రోగి గుట్టు కాపాడటానికి మన దేశంలో జరిగిన మంచి పనుల్లో కొన్ని పేజీల ఈ చిన్న పత్రాన్ని నేను ముందు వరుసలో నిలబెడతాను. దీన్ని రాసినవారి చేతిలో ఉన్న సాధనాలు కాగితం, కలం, కవరు, తాళంచెవి మాత్రమే.

దీని విలువ తెలియాలంటే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ లాంటి ఊళ్లలో దీన్ని ఊహించుకోవాలి. 2016 అక్టోబరు 11న పాలమూరు నుంచి విడివడి ఈ మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. వనపర్తికి, నాగర్‌కర్నూల్‌కు 2022లో, గద్వాలకు 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. దవాఖానలు పెద్దవైనా, మనుషులు ఒకరికొకరు తెలియనంతగా ఊళ్లు పెరగలేదు. అయిజ నుంచి వచ్చినామెకు ఓపీ చీటీ రాసే అమ్మాయిది మల్దకల్ కావచ్చు. కొల్లాపూర్ నుంచి నాగర్‌కర్నూల్ వచ్చినామె మేనత్త కొడుకే అక్కడ వార్డుబాయ్ కావచ్చు. ‘ఏ ఊరు? ఎవరి బిడ్డవు?’ అన్నవి ఇక్కడ పలకరింపులు. గుట్టు బయటపడటానికి ఎవరికీ చెడు బుద్ధి ఉండక్కర్లేదు. ‘మీ వదినె నిన్న మా దవాఖానకొచ్చింది, పాణం మంచిగున్నదా?’ అని సంతలో ప్రేమగా అడిగిన ఒక్క మాట చాలు. పైగా ఇది వలసలు పోయే సీమ. మొగుడు నెలల తరబడి బొంబాయిలోనో పుణెలోనో పనిలో ఉన్న ఇంట్లో, పేరు పక్కన రాసిన తేదీ ఒక్కటే ఆమె ప్రాణం మీదికి తేగలదు.

నిబంధనలు రాసినవారు ముందుగా చేసిన పని, దాచవలసినదంతా ఒకచోట పోగుచేయడం. మూడో నమూనా ప్రకారం ఉంచే అడ్మిషన్ రిజిస్టర్‌లో ఆమె పేరు, ఎవరి భార్య లేక ఎవరి కూతురు, వయసు, మతం, చిరునామా, గర్భం ఎన్ని వారాలది, తీసేయడానికి కారణం, చేరిన తేదీ, ఇంటికి పంపిన తేదీ, వైద్యుల పేర్లు అన్నీ ఉంటాయి. ఆ పుస్తకాన్ని రహస్య పత్రమని ప్రకటించారు. చట్టం ఇచ్చిన అధికారం ఉంటే తప్ప ఎవరూ తెరిచి చూడరాదన్నారు. గుట్టు పది కాగితాల్లోకి పాకితే పదిమందిని నమ్మాలి, అది బయటపడిన రోజు ఎవరిని అడగాలో తెలియదు. ఒకేచోట ఉంటే నమ్మవలసింది ఒక్కరిని, నిలదీయవలసిందీ ఆ ఒక్కరినే.

సంఖ్య వేసే తీరులోనూ శ్రద్ధ కనిపిస్తుంది. ఏటా కొత్తగా ఒకటి నుంచి మొదలుపెట్టాలి, పక్కన ఏడాది వేయాలి. 1972లో ఐదో ఆమె 5/1972, మరుసటి ఏడు ఐదో ఆమె 5/1973. పేరులోని మొదటి అక్షరాలు గానీ ఊరి గుర్తు గానీ అందులో చొరబడలేదు. పొడి అక్షరాలు పెట్టి ఉంటే వనపర్తిలాంటి ఊళ్లో సగం గుట్టు అక్కడే పోయేది. అయినా వైద్యానికి ఏ లోటూ రాదు. థియేటర్‌లోని సిస్టరుకు ఏ కేస్ షీట్ ఏ మనిషిదో తికమక ఉండదు, రక్తం గ్రూపు మారిపోదు. గద్వాల చీరలో నూలు ఒడలూ పట్టు అంచూ వేర్వేరు దారాలతో నేసి అతుకు దగ్గర కలుపుతారు. ఇక్కడ ఆ అతుకు ఈ సంఖ్య. ఒకవైపు మనిషి, ఇంకోవైపు చికిత్స.

నాలుగో నిబంధన నాకు అన్నిటికన్నా ఇష్టం. సమ్మతి పత్రం మీద ఆమె పేరూ సంతకమూ తప్పవు. వైద్యుడు తన అభిప్రాయం రాసే పత్రంలోనూ ఆమె పేరు ఉండాలి. అంటే రిజిస్టర్ బయట పేరున్న కాగితాలు ఇంకా మిగిలాయి. వాటిని కవరులో పెట్టి, గర్భస్రావం చేసిన వైద్యుడే సీలు వేయాలి. కవరు మీద వరుస సంఖ్య, వైద్యుడి పేరు, ‘రహస్యం’ అన్న మాట రాయాలి. ఆమె పేరు కవరు లోపల ఉంది, వైద్యుడి పేరు కవరు మీద ఉంది. దాచవలసింది ఎవరిని, జవాబు చెప్పవలసింది ఎవరు అన్నది చూడగానే తెలిసిపోతుంది. ప్రాణం మీదికి వచ్చి అనుమతి లేని చోట చేయవలసి వస్తే, ఆ కవరును అదే రోజు గానీ మరుసటి పనిదినాన గానీ రిజిస్టర్డ్ పోస్టులో ప్రధాన వైద్యాధికారికి పంపాలి. పోస్ట్‌మ్యాన్‌కూ ఆమె పేరు కనిపించదు.

ప్రభుత్వానికి లెక్కలు కావాలి కదా. నెల నెలా రెండో నమూనాలో పంపమన్నారు. అందులో ఎన్ని వారాల గర్భాలు ఎన్ని, ఏ కారణానికి ఎన్ని అన్నట్టు మొత్తాలే ఉంటాయి.

ఆరో నిబంధనలో ఇంకో ముచ్చట. ఉద్యోగం చేసే స్త్రీకి సెలవు కావాలి, సెలవు కోసం కాగితం చూపాలి. ఆమె అడిగితే వైద్యుడు సర్టిఫికెట్ ఇవ్వవచ్చు. అక్కడితో ఆగిపోయి ఉంటే గుట్టు దవాఖాన గేటు దాటి ఆఫీసులో పడేది. అందుకే ఆ సంగతి మరెవరికీ చెప్పకూడదని పని ఇచ్చినవారిని కూడా కట్టడి చేశారు. గద్వాల విత్తనపత్తి చేలల్లో కూలికి పోయే ఆడమనిషికి సెలవు చీటీతో పని లేదు. పంతులమ్మకు, అంగన్‌వాడీ టీచరుకు, బ్యాంకులో చేసే అమ్మాయికి మాత్రం ఈ ఒక్క వాక్యం కొండంత అండ.

లోటు లేని పని అని నేననను. కావాలని నిబంధన మీరినవారికి చట్టం పెట్టిన జరిమానా వెయ్యి రూపాయలు దాటదు. ఇంత జాగ్రత్తగా కట్టిన ఇంటికి అంత బలహీనమైన గడియ పెట్టడం బాధ కలిగిస్తుంది. 2021 సవరణ దాన్ని కొంత సరిచేసింది. చట్టం అనుమతించినవారికి తప్ప వైద్యుడు ఆమె పేరు, వివరాలు వెల్లడిస్తే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఇంకో చిక్కు 2012లో పోక్సో చట్టంతో వచ్చింది. పద్దెనిమిదేళ్లు నిండని పిల్ల గర్భంతో వస్తే పోలీసులకు తెలపడం తప్పనిసరి అయింది. పేరు బయటపడుతుందని పిల్లలు అర్హత లేనివారి చేతుల్లో పడే ప్రమాదం వచ్చింది. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు దారి చూపింది. పిల్లా, ఆమె సంరక్షకులూ కోరితే, వైద్యుడు పోలీసులకు ఇచ్చే సమాచారంలో ఆమె ఎవరో చెప్పనక్కర్లేదంది.

ఈ పద్ధతి అందుకోలేని కాగితం ఒకటి గర్భిణి చేతిలోనే ఉంటుంది, తల్లీబిడ్డల సంరక్షణ కార్డు. ఆశ కార్యకర్త చూస్తుంది, ఏఎన్‌ఎం చూస్తుంది, అత్తగారూ తిరగేస్తుంది. కాన్పుల చరిత్ర రాసేటప్పుడు వైద్యులు జీ, పీ, ఏ అనే అక్షరాల పక్కన అంకెలు వేస్తారు. ఏ అంటే నిలవకుండా పోయిన గర్భాలు. దానంతట అది పోయినా, చేయించుకున్నా ఒకే అక్షరం, ఒకే అంకె. గుట్టు కోసం పుట్టిన పద్ధతి కాదిది. అయినా ఆ అక్షరం చాటున ఆమెకు కొంత నీడ దొరుకుతుంది. ఆ అంకె పక్కన అనవసరంగా వివరం రాయని సిస్టరును నేను మంచి పనిమంతురాలిగా గౌరవిస్తాను.

హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రాల్లోనూ ఈ ఆలోచనే నడుస్తోంది. వచ్చిన మనిషికి పీఐడీ అనే గుర్తింపు నంబరు ఇస్తారు, రక్త నమూనా ఆ నంబరు మీదే ల్యాబుకు వెళుతుంది. 2018 సెప్టెంబరు 10న అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ చట్టం దానికి బలం చేకూర్చింది.

మిగతా జబ్బుల సంగతి వేరు. క్షయ, ఫిట్స్, మానసిక వ్యాధి, పిల్లలు కలగకపోవడం, పెళ్లి సంబంధాలు చెడగొట్టగల ఈ జబ్బుల కాగితాలు చిన్న క్లినిక్కుల్లో చాలాసార్లు తెరిచిన అలమరలోనే ఉంటాయి. 2002 నాటి వైద్య ప్రవర్తనా నియమావళి చేరిన రోగుల రికార్డులు మూడేళ్లు ఉంచమంది, రోగి అడిగితే 72 గంటల్లో ఇమ్మంది, రోగి రహస్యాలు చెప్పవద్దంది. ఎంటీపీ నిబంధనల్లా కాగితం ఏ చేతి నుంచి ఏ చేతికి పోవాలో విడమరచలేదు. రోగి ఇంటి సంగతులు బయట చెప్పరాదని చరక సంహిత విమానస్థానం ఎనిమిదో అధ్యాయం వైద్య విద్యార్థికి ఎప్పుడో చెప్పింది. మాట పాతదే, దాన్ని గడులుగా, కవర్లుగా మార్చే పనితనమే అరుదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార చట్టం కూడా కంప్యూటర్‌లో ఉన్న సమాచారానికి, కాగితం నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించినదానికే వర్తిస్తుంది. కాగితంగానే ఉండిపోయిన రిజిస్టర్ దాని పరిధిలో లేదు. నాగర్‌కర్నూల్‌లోనో ఆత్మకూరులోనో క్లినిక్ నడిపే వైద్యుడు ఈ పాత నిబంధనలు ఒకసారి చదివితే, ఒక నోటుబుక్కుతో, ఒక తాళంతో తన రోగులకూ ఇదే రక్షణ కల్పించగలడు.

చివరి నిబంధన ధ్వంసం గురించి. సీలు వేసిన కాగితాలను గర్భస్రావం జరిగిన మూడేళ్లకు, రిజిస్టర్‌ను అందులో చివరి పేరు రాసిన ఐదేళ్లకు ధ్వంసం చేయాలి. కేసు నడుస్తుంటే కోర్టు చెప్పినట్టు నడుచుకోవాలి. కాగితాన్ని ఎన్నాళ్లు ఉంచాలో చెప్పే నియమాలు మన కార్యాలయాల్లో చాలా ఉన్నాయి. ఆ తర్వాత ఉంచనే కూడదని ఇంత స్పష్టంగా చెప్పడం మెచ్చుకోదగ్గ పని. ఎలా ధ్వంసం చేయాలో మాత్రం చెప్పకుండా వదిలేశారు. పాత కాగితాలను కిలోల లెక్కన కొనే దుకాణాలు, వాటిలో మిర్చిబజ్జీ కట్టిచ్చే బండ్లు ఉన్న మన ఊళ్ల కోసం నేనైతే ఇంకో వాక్యం చేరుస్తాను. దవాఖాన అధిపతి ఎదుట పేర్ల గడి ముక్కలయ్యేలా చింపి కాల్చాలి. ఏ సంఖ్య నుంచి ఏ సంఖ్య దాకా కాల్చారో, ఏ తేదీన కాల్చారో మాత్రం ఒక కాగితం మీద రాసి అధిపతి సంతకం చేయాలి.