అభిమాని చూపు ఆగే పేజీ

పత్రికల కొట్టు దగ్గర నిలబడి సంచిక తిరగేసేవాడికి ఓపిక తక్కువ. ముఖచిత్రం చూసి చేతిలోకి తీసుకున్నవాడు జేబులో చెయ్యి పెడతాడా లేదా అన్నది విషయసూచిక దగ్గరే తేలిపోతుంది. బ్రిటన్ సంగీత పత్రికలకు ఈ సంగతి బాగా తెలుసు. వాటి విషయసూచిక ఒక్కటి చూస్తే చాలు, పత్రిక ఎవరి కోసమో చెప్పేయొచ్చు.

‘ఎన్‌ఎంఈ’నే తీసుకోండి. 1952లో ఆ దేశంలో మొట్టమొదటి సింగిల్స్ చార్టు అచ్చువేసిన వారపత్రిక ఇది. 2000 దశకంలో దాని విషయసూచికలో ఎడమ అంచున పైనుంచి కిందిదాకా ఒక పట్టీ ఉండేది. పేరు బ్యాండ్ ఇండెక్స్. ఆ వారం సంచికలో ఉన్న బ్యాండ్లన్నీ అక్షరక్రమంలో, పక్కనే పేజీ నంబరు. వ్యాసానికి ఎంత చమత్కారమైన శీర్షిక పెట్టినా అభిమానికి పట్టదు; తన బ్యాండు ఉందా లేదా, అదొక్కటే కావాలి. స్టేడియాలు నింపేవాళ్లకీ, నిన్నగాక మొన్న పబ్బుల్లో వాయించడం మొదలుపెట్టినవాళ్లకీ ఒకే సైజు అక్షరాలు. కొత్త సంగీతాన్ని అందరికంటే ముందు వినాలని తపించే కుర్రకారుకి ఇంతకంటే మర్యాద ఏముంటుంది? తనకు కావలసిన పేరు వెతుకుతూ, పైనా కిందా ఉన్న ఎప్పుడూ వినని పేర్లు కూడా చదివేస్తాడు. చాలా సంచికల్లో ఆ పేజీ అడుగునే చందా ప్రకటన. వెతికింది దొరికి మనసు ఉల్లాసంగా ఉన్నప్పుడే డబ్బడగడం గడుసుతనం.

‘కెరాంగ్!’ దారి వేరు. గిటారు తీగల్ని గట్టిగా మీటితే వచ్చే మోతే దాని పేరు. 1981లో ‘సౌండ్స్’ పత్రికకు అనుబంధంగా మొదలైంది. హెవీ మెటల్, రాక్ దాని లోకం. విషయసూచిక నిండా ఫొటోలు, వాటి మీదే పేజీ నంబర్లు, నలుపు మీద పసుపు శీర్షికలు, సంపాదకుడి ఉత్తరం. ఖాళీ జాగా దాదాపు ఉండదు. పొందిగ్గా సర్దిన పేజీని ఆ పాఠకుడు నమ్మడు మరి! కానీ ఆ సందడి కింద క్రమం ఉంది: వార్తలు, కచేరీలు, ఆల్బమ్‌లు అంటూ మళ్లీ మళ్లీ అవే విభాగాలు. పోస్టర్ల సంగతీ అక్కడే చెప్పేవారు. గదిలో గోడ ఖాళీగా ఉంచని వయసు కదా.

1986లో వచ్చిన ‘క్యూ’, సీడీలు కొనే స్తోమత ఉన్న పెద్దవాళ్ల పత్రిక. ఎరుపు, నలుపు, తెలుపు, తిన్నని కాలమ్‌లు. అంతే.

అట్లాంటిక్ అవతల సంగీత నిర్మాత క్విన్సీ జోన్స్ స్థాపించిన హిప్‌హాప్ పత్రిక ‘వైబ్’ తన విషయసూచికను ఫ్యాషన్ పత్రికలా దిద్దింది. పేజీ నిండా ఒకే ఒక్క కళాకారుడు, వెనక నిలువెత్తున ఇంగ్లిష్ ‘వి’ అక్షరం, ఓ పక్కన చిన్న అక్షరాల్లో జాబితా. హిప్‌హాప్‌ను వీధి గొడవగా కొట్టిపారేసినవాళ్లకు అది గట్టి జవాబు. చూడ్డానికి రాజసమే, కావలసింది వెతుక్కోవడానికి మాత్రం అవస్థ.

ఎన్‌ఎంఈ వారపత్రిక అచ్చు 2018 మార్చిలో ఆగింది. క్యూ 2020లో మూతపడింది. ఇప్పుడు సెర్చ్‌లో బ్యాండు పేరు కొడితే ఆ బ్యాండే వస్తుంది, అక్షరక్రమంలో దాని పొరుగువాళ్లు రారు. అందుకే ఈ నాలుగింట్లో నా ఓటు బ్యాండ్ ఇండెక్స్‌కే.