కథలేని గుమాస్తా

పోర్చుగీసు రచయిత ఫెర్నాందో పెసోవా 'అశాంతి గ్రంథం'లో కథకోసం వెతికేవారికి నిరాశ తప్పదు. లిస్బన్ నగరంలో ఒక బట్టల వ్యాపారి దగ్గర పద్దులు రాసే చిన్న గుమాస్తా బెర్నార్దో సోవారెస్. దోరదోరెస్ వీధిలోనే ఆఫీసు, ఆ వీధిలోనే అద్దెగది. పద్దులు రాస్తాడు, కిటికీలోంచి వాన చూస్తాడు, తనలోకి తాను చూసుకుంటాడు. అంతే. 1935లో పెసోవా చనిపోయేనాటికి ఇందులో చాలాభాగం పెట్టెలో విడికాగితాలుగా పడివుంది. పుస్తకంగా వచ్చింది 1982లో. కాగితాల వరుసను కూడా సంపాదకులే నిర్ణయించుకోవలసి వచ్చింది.

ఇటువంటి రచనను 'పలాయనవాదం' అని ఒక్కమాటతో కొట్టిపారేసే విమర్శతో నాకు పేచీ ఉంది. సంఘటనలు లేకపోవడం ఇక్కడ శిల్పలోపం కాదు; గుమాస్తా బతుకులోని నిజం. ఇతరుల సరుకు, ఇతరుల లాభం, ఇతరుల బాకీ రోజంతా అతని చేతిమీదుగా నడుస్తాయి. ఆ పద్దుల్లో అన్నీ నమోదవుతాయి, రాసే మనిషి తప్ప. తనదంటూ ఏదీ జరగనివాడికి కథ ఎక్కడినుంచి వస్తుంది? మార్క్స్ పరాయీకరణ అన్నదాన్ని పెసోవా సిద్ధాంతం ఊసెత్తకుండా అనుభవంగా చూపించాడు. లిస్బన్ వర్తకసంస్థలకు విదేశీ ఉత్తరాలు రాసిపెట్టి బతికినవాడు కనుక ఆఫీసుగాలి అతనికి బాగా తెలుసు.

నా అభ్యంతరం వేరేచోట ఉంది. యజమాని వాస్కెస్ తనను దోచుకుంటున్నాడని సోవారెస్‌కు తెలుసు. తెలిసీ, కీర్తికో అసూయకో బలికావడంకన్నా ఇది అధ్వాన్నమా అని సమాధానపడతాడు. వాస్కెస్‌ను ఏకంగా జీవితానికే ప్రతీక చేస్తాడు. సరిగ్గా ఇక్కడే చరిత్ర వేదాంతమైపోయింది. యజమానిని ఎదిరించవచ్చు, 'జీవితాన్ని' ఎవరు ఎదిరిస్తారు?

సోవారెస్ పేరిట పుటలు ఎక్కువగా 1929-34 మధ్య రాసినవి. పోర్చుగల్‌లో 1926లో సైనికకుట్ర జరిగింది. 1932లో సలజార్ ప్రధాని అయ్యాడు. 1933 రాజ్యాంగంతో నిరంకుశత్వం స్థిరపడింది. 1928లో సైనిక నియంతృత్వాన్ని సమర్థిస్తూ కరపత్రం రాసిన పెసోవాయే 1935లో సలజార్‌ను ఎద్దేవాచేస్తూ పద్యాలు రాశాడు. రచయిత ఇంతగా కుదుపుకు లోనైనా, ఆ చప్పుడు గుమాస్తా గదిలో దాదాపు వినిపించదు. అది వినిపించకపోవడమే ఈ రచనకున్న పరిమితి.

అయినా యువరచయితలు దీన్ని చదవాలనే నా అభిప్రాయం. శ్రమజీవి జీతం గురించీ, అప్పుల గురించీ రాయడం తేలిక. పని అతని లోపలి గంటలను ఎలా మింగేస్తుందో రాయడం కష్టం. ఆ కష్టమైన సగం పెసోవా చేశాడు. వాస్కెస్‌ను మళ్ళీ వాస్కెస్‌గా నిలబెట్టవలసిన మిగతా సగం మనది.