యాడి చెప్పిన తండా

తండా మీద రాసిన కథ చేతికొస్తే మేము ముందు చివరి పేజీ చూస్తున్నాం. చెడ్డ అలవాటే. కానీ బొల్లాపల్లి, వెల్దుర్తి వైపు నుంచి మాకు చేరే రాతల్లో ముగింపు దాదాపు ఒకటే. హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న కొడుకు తీజ్ పండక్కి వస్తాడు, ముసలి యాడి ఫేటియా అద్దాల్లో తన ముఖం చూసుకుంటాడు, కళ్లు తడుస్తాయి, కథ అయిపోతుంది. మర్నాడు వాడు బస్సెక్కి వెళ్లిపోతాడు కదా! ఆ బస్సులో ఏమనుకున్నాడో ఎవరూ రాయరు.

సమోవా రచయిత ఆల్బర్ట్ వెంట్ 1973లో 'సన్స్ ఫర్ ది రిటర్న్ హోమ్' అనే నవల రాశాడు. డబ్బు కోసం, పిల్లల చదువు కోసం న్యూజిలాండ్ వలస వెళ్లిన సమోవా కుటుంబం కథ అది. ఏదో ఒకనాడు తిరిగి వెళ్లాలనే ఆశ మీదే ఆ ఇల్లు నడుస్తుంది. తల్లి కొడుకులకు సమోవాను కథలుగా చెప్పి పెంచుతుంది. చివరకు నిజంగానే తిరిగి వెళ్తారు. తల్లి చెప్పిన సమోవా మాత్రం చిన్న కొడుక్కి అక్కడ దొరకదు. అతను మళ్లీ విమానమెక్కుతాడు. వెంట్ తల్లిని కూడా వదల్లేదు. కొడుకు ప్రేమించిన తెల్లపిల్ల విషయంలో ఆమె చాటుగా చేసిన పనిని దాచకుండా రాశాడు. మన కథల్లో యాడి ఎప్పుడైనా తప్పు చేసిందా?

వాళ్ల సంగతి వేరు అనవచ్చు. వాళ్లకో దేశం ఉంది, 1962లో స్వతంత్రం వచ్చింది. న్యూజిలాండ్‌లో కూడా చర్చిలో వాళ్ల భాష వినబడుతుంది, పసిపిల్లలకు ఆ భాషలోనే నడిచే బడులున్నాయి. మన గోర్‌బోలికి సొంత లిపే లేదు. ఇక్కడ తెలుగులో, కర్ణాటకలో కన్నడంలో, మహారాష్ట్రలో దేవనాగరిలో రాసుకుంటాం. ఇక్కడ ఎస్టీలం, కర్ణాటకలో ఎస్సీలం. ఇలా చెదిరిన వాళ్లకు తండా ఒక్కటే గట్టి నేల అనిపించడం సహజం. ఆ భయం మాకూ ఉంది.

అయితే తండా అంటే మొదట ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని కదిలే గుంపు. ఆ బేరం పోయాకే మనం కొండ అంచున గుడిసెలు వేసుకుని నిలిచాం. నిలిచిన చోటునే అనాదిగా మన మూలమన్నట్టు రాస్తున్నాం. రమేశ్ కార్తీక్ నాయక్ కథల పుస్తకం 'ఢావ్లో'కు 2024లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చినప్పుడు మనమంతా సంబరపడ్డాం. ఆ పేరు దగ్గర కాసేపు ఆగాల్సింది. ఢావ్లో తిరిగొచ్చేవాళ్ల పాట కాదు, పెళ్లయి వెళ్లిపోయే పిల్ల అయినవాళ్లను పట్టుకుని ఏడుస్తూ పాడేది. పెళ్లికి ముందే పెద్ద ఆడవాళ్లు ఆ పిల్లను కూర్చోబెట్టి నేర్పేవారు. వెళ్లిపోవడం ఎలాగో నేర్పిన జాతి మనది. వెళ్లాక అవతలి ఇంట్లో ఏ మాటలో వంట అడిగిందో, ఏ మాట మరిచిందో రాయడానికి మనకెందుకు చేతులు రావు?

నరసరావుపేటలో మాకు తెలిసిన ఒక అద్దె ఇల్లుంది. మిరపకోతలకు తిరిగి పిల్లల్ని చదివించిన ముసలమ్మ ఆదివారం ఫోన్ ముందు కూర్చుంటుంది. గోర్‌బోలిలో అడుగుతుంది. అవతల డల్లాస్‌లో కోడలు, మన కులపు పిల్ల కాదు, భర్త ద్వారా దాన్ని తెలుగులో విని కూతురికి ఇంగ్లీషులో చెబుతుంది. కాలవ పక్క చేను ఎండిందా, పురుగొచ్చిందా అని ముసలమ్మ చెప్పుకున్నదంతా మూడు భాషలు దాటేసరికి 'హౌ ఆర్ యూ' అయి తేలుతుంది. పిల్ల చెయ్యి ఊపుతుంది. ముసలమ్మకు అదీ సంతోషమే, కోడలి మీద కోపమూ ఉంది, రెండూ ఒకే ముఖంలో కనబడతాయి.

ఇది రాయమని ఆ ఇంటి చిన్నబ్బాయిని, మా వాడినే, అడిగాం. 'ఇందులో కథేముంది?' అన్నాడు. పోయిన నెల ఇంకో తీజ్ కథ తెచ్చిచ్చాడు.