నడుము నొప్పికి మూలం కడుపులో

కడుపు క్యాన్సర్ పాకితే సాధారణంగా కాలేయానికో, పొట్ట లోపలి పొరకో పాకుతుంది. ఎముకకు చేరడం తక్కువ. చేరినప్పుడు మాత్రం వెన్నుపూసలు, తుంటి, పక్కటెముకలు ఎక్కువగా దెబ్బతింటాయి. నడివయసు దాటినవారికి నడుము నొప్పి కొత్తేమీ కాదు కాబట్టి అసలు సంగతి ఆలస్యంగా బయటపడుతుంది.

వెన్నుకే ఎందుకు చేరుతుందన్నదానికి ఒక కారణం 1940లో దొరికింది. వెన్నెముక చుట్టూ అల్లుకున్న సిరల్లో కవాటాలు ఉండవని అమెరికా శాస్త్రవేత్త ఆస్కార్ బాట్సన్ చూపాడు. దగ్గినా, ముక్కినా పొట్టలో ఒత్తిడి పెరిగి రక్తం అటు మళ్లుతుంది. దాంతోపాటు క్యాన్సర్ కణాలూ వెళ్లగలవు. అక్కడికి చేరిన కణం తానుగా ఎముకను తినదు. పాత ఎముకను కరిగించడమే రోజువారీ పనిగా ఉన్న ఆస్టియోక్లాస్ట్ కణాలను రెచ్చగొడుతుంది. ఇంటివాళ్ల చేతే గోడలు కూల్పించడమన్నమాట. కరిగిన కాల్షియం రక్తంలో పెరిగితే దాహం, మలబద్ధకం, మగత వస్తాయి. కణాలు ఉంగరంలా కనిపించే ‘సిగ్నెట్ రింగ్’ రకంలో ఎముక వ్యాప్తి ఎక్కువ. కొందరిలో మజ్జంతా క్యాన్సర్ నిండి, ప్లేట్‌లెట్లు పడిపోయి, రక్తస్రావం దాకా పోతుంది.

మామూలు నడుము నొప్పి పడుకుంటే సర్దుకుంటుంది. ఎముకకు పాకిన క్యాన్సర్ నొప్పి పడుకున్నా తగ్గదు, రాత్రిళ్లు నిద్ర లేపుతుంది. ఎముక చాలావరకు కరిగితే గానీ ఎక్స్‌రేలో తేడా తెలియదు. ఎమ్మారైలో ముందే తెలుస్తుంది.

క్యాన్సర్ ఇలా పాకింది, నాలుగో దశ అనగానే ఇక చేసేదేమీ లేదనుకోవడం పొరపాటు. వ్యాధి నయం కాకపోయినా నొప్పి తగ్గించవచ్చు. ఒకే విడతలో 8 గ్రే రేడియేషన్ ఇస్తే చాలామందికి కొన్ని వారాల్లో ఉపశమనం కలుగుతుంది. జోలెడ్రోనిక్ యాసిడ్ అనే మందు ఎముక కరగడాన్ని నెమ్మదింపజేస్తుంది. దానివల్ల దవడ ఎముక దెబ్బతినే ప్రమాదం ఉంది కనుక ముందే పళ్ల డాక్టరుకు చూపించుకోవాలి. మందుల షాపులో అడిగి కొనే నొప్పి బిళ్లలతో పుండు పడ్డ కడుపులో రక్తం కారవచ్చు. తీవ్రమైన నొప్పికి ఇచ్చే మార్ఫిన్ అంటే మాత్రం ఇళ్లలో ఇంకా బెదురే. డాక్టరు చెప్పిన మోతాదులో వాడే క్యాన్సర్ రోగికి వ్యసనమవుతుందన్న భయం చాలావరకు అనవసరం. మన దేశంలో 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించి, వైద్యానికి మార్ఫిన్‌ను తెప్పించుకోవడంలో లైసెన్సుల చిక్కు తగ్గించారు.

కాళ్లలో బలం తగ్గినా, మూత్రం ఆగిపోయినా వెన్నుపాము నలుగుతోందేమోనని అనుమానించాలి. తెల్లారేదాకా ఆగకుండా అప్పటికప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నడక పూర్తిగా పోయాక చికిత్స చేసినా అది తిరిగి రావడం కష్టం.