హిజిలీలో మొదలైన లెక్క

రైల్వేలో నేను టీఎన్‌సీగా, అంటే రైళ్ల గుమాస్తాగా పనిచేశాను. ఖరగ్‌పూర్‌లోని నింపురా యార్డులో ఆగిన గూడ్సు వెంట నడుస్తూ వ్యాగన్ నంబర్లు రాసుకోవడం నా పని. వానైనా, రాత్రైనా, చేతిలో టార్చిలైటు ఉండాల్సిందే. తర్వాత ఆ నంబర్లు కంప్యూటర్లకెక్కాయి. నేను ఇక్కడ రాసింది ఢిల్లీలో ఉన్నవాళ్లకు వెంటనే కనిపించేది. అందుకే సైన్యాలు తమ సమాచారాన్ని క్లౌడ్‌లోకి మారుస్తున్నాయన్న వార్త ఎక్కడ కనబడ్డా వదలను. అమెరికా రక్షణశాఖ 2022 డిసెంబరులో అమెజాన్, గూగుల్, మైక్రోసాఫ్ట్, ఒరాకిల్‌లతో గరిష్ఠంగా 900 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. స్థావరానికొకటిగా పడివున్న మరమ్మతు రికార్డులు, ఇంధనం లెక్కలు ఒకచోటికి చేరితే ఏ విడిభాగం ఎప్పుడు పాడవుతుందో ముందే పసిగట్టవచ్చు. మంచి పనే.

ఇలాంటి లెక్కల పని మన ఖరగ్‌పూర్ ఎనభై ఏళ్ల కిందటే చూసింది. 1951లో ఐఐటీ మొదలైన హిజిలీ నిర్బంధ శిబిరం భవనాల్లోనే 1944లో అమెరికా ఇరవయ్యో బాంబర్ కమాండ్ ప్రధాన కార్యాలయం ఉండేది. అక్కడ గణాంకాలు చూసిన యువ అధికారి రాబర్ట్ మెక్‌నమారా. బీ-29 బాంబర్లు ఇక్కణ్నుంచి హిమాలయాలు దాటి చైనాలోని చెంగ్డూకి పెట్రోలు మోయాలి. అక్కడ సరిపడా పోగయ్యాకే జపాన్ మీద దాడి. ఒక్క దాడికి ఆ కొండలు ఎన్నోసార్లు దాటాలి. ఎంత మోశారు, దారిలోనే ఎంత ఖర్చయింది, ఎన్ని విమానాలు ఎగిరే స్థితిలో ఉన్నాయి? ఈ లెక్కలన్నీ చూస్తే ఆ దారి గిట్టదని తేలింది. 1945 జనవరిలో చెంగ్డూ నుంచి దాడులు ఆపేశారు.

ఆ మెక్‌నమారాయే తర్వాత అమెరికా రక్షణమంత్రిగా వియత్నాం యుద్ధాన్ని శత్రువుల శవాల లెక్కతో కొలిచాడు. పైవాళ్లు పెద్ద అంకె కోరుతున్నారని తెలిశాక కిందివాళ్లు పెద్ద అంకెలే పంపారు. తాము ఘోరంగా పొరబడ్డామని 1995లో తన పుస్తకంలో ఆయనే రాశాడు.

హిజిలీ లెక్క నిలబడటానికి కారణం నాకు స్పష్టంగానే కనిపిస్తుంది. పెట్రోలు పీపాను ఎవరైనా వెళ్లి లెక్కపెట్టుకోవచ్చు. వ్యాగన్లు తనిఖీ చేసే టీఎక్స్‌ఆర్ ‘సిక్’ (మరమ్మతు కావాలి) అని గుర్తేసిన వ్యాగన్ గురించి కంట్రోల్ నుంచి ఫోనొస్తే, దాన్ని ఎవరు చూశారో, లోపం ఏ చక్రం దగ్గరో నేను చెప్పగలిగేవాణ్ని. క్లౌడ్‌లోకి వెళ్లే ప్రతి సైనిక అంకె వెంట ఆ వివరం కూడా వెళ్లాలి: రాసిందెవరు, కళ్లారా చూసి రాశారా, విని రాశారా. కలైకుండా వైమానిక స్థావరంలో ఇంజిన్ విప్పే మెకానిక్‌ను, ఎక్కడో కూర్చుని విశ్లేషించేవాడు నేరుగా అడగగలగాలి. ఆ మెకానిక్ కూడా, మీ లెక్క తప్పండీ అని భయం లేకుండా చెప్పగలగాలి.